మెల్‌బోర్న్‌లో కొన్నాళ్ళు ఉండి వెళ్ళిన కండక్టర్

ఈ ఎపిసోడ్‌లో మాట నాది. సంగీతం మీద మాట్లాడతానంటే మా ఇంట్లోనే నవ్వారు. నేను చదివింది ఐటీఐ, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. మెల్‌బోర్న్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ ఉద్యోగం. రాగాలు నాకు తెలీవు. పొద్దున్నే సైట్‌కి పోయేటప్పుడు కార్లో ఏబీసీ క్లాసిక్ పెట్టుకోవడం అలవాటు, అంతే. అట్లా ఒక పేరు చెవిన పడింది. వాల్టర్ సస్కిండ్.

కండక్టర్ అండి ఈయన. టికెట్లు కొట్టే కండక్టర్ కాదు, ఆర్కెస్ట్రా ముందు సన్నటి కర్ర పట్టుకుని నిలబడే మనిషి. మన కచేరీల్లో ఇట్లాంటివాడు ఉండడు. పాడేవారే తొడ మీద తాళం వేసుకుంటారు, మృదంగం ఆయన వాళ్ళని చూసి పట్టుకుంటాడు. నలుగురైదుగురికి అది సరిపోతుంది. ఆర్కెస్ట్రాలో ఎనభై, తొంభై మంది. ఎవరి ముందు ఉన్న కాగితంలో వాళ్ళ వంతే ఉంటుంది. మొత్తం కలిపి రాసి ఉన్న పుస్తకం కండక్టర్ దగ్గర ఉంటుంది. మా సైట్‌లోనూ ఇదే కదా. ఎలక్ట్రీషియన్‌కి ఆయన డ్రాయింగ్, ప్లంబర్‌కి ఆయన డ్రాయింగ్. రెండూ ఎక్కడ గుద్దుకుంటాయో చూడాల్సింది సూపర్‌వైజరు. నేను ఒక్క ఇటుక కూడా పెట్టను, కానీ పని ఆగితే అడిగేది నన్నే. కండక్టరూ అంతే, వేదిక మీద చప్పుడు చేయని మనిషి ఆయనొక్కడే. జనం చూసేది కచేరీ రోజున. అసలు పనంతా రిహార్సల్‌లో అయిపోయి ఉంటుంది.

సస్కిండ్ పుట్టింది ప్రాగ్ నగరంలో, 1913లో. చెక్ స్వరకర్త యోసెఫ్ సుక్ దగ్గర చదువుకున్నాడు. తర్వాత రోజుల్లో అమెరికాలో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో పేరుపడ్డ జార్జ్ సెల్ అప్పట్లో ప్రాగ్‌లో జర్మన్ ఒపేరా నడిపేవాడు. ఆయన దగ్గర కండక్టింగ్ నేర్చుకుని, అసిస్టెంటుగా చేశాడు. 1939 మార్చిలో హిట్లర్ సైన్యం ప్రాగ్‌లోకి దిగింది. సస్కిండ్ లండన్ చేరాడు. ఊళ్ళో వేసుకున్న దారి అక్కడికి తెగిపోయింది. కొన్నాళ్ళు పియానో వాయించుకుంటూ గడిపాడు, తర్వాత ఊరూరా తిరిగే ఒపేరా కంపెనీలో కర్ర పట్టాడు, 1946 నుంచి గ్లాస్గోలో స్కాటిష్ ఆర్కెస్ట్రా. 1953లో మన మెల్‌బోర్న్.

ఇప్పటి మెల్‌బోర్న్ సింఫనీకి అప్పుడు విక్టోరియన్ సింఫనీ ఆర్కెస్ట్రా అని పేరు. నడిపేది ఏబీసీ, అంటే రేడియోవాళ్ళే. హేమర్ హాల్ ఇంకా లేదు, అది 1982లో తెరిచారు. స్వాన్‌స్టన్ స్ట్రీట్ మీద టౌన్ హాల్లోనే వాయించేవాళ్ళు. కండక్టర్లేమో ఒకరి తర్వాత ఒకరు. ఇటలీ నుంచి గల్లియేరా, అర్జెంటీనా నుంచి కాస్ట్రో, ఆ తర్వాత మన సస్కిండ్, ఆయన వెనకాల ఆస్ట్రియా నుంచి వోస్. జాబితా చూస్తే నాకు మా లేబర్ క్యాంప్ రోజులు గుర్తొచ్చాయి, అందరూ కాంట్రాక్టు మనుషులే.

ఆ కాలంలో ప్రాగ్ నుంచి ఇటు వచ్చింది ఆయనొక్కడే కాదు. యిర్జీ తాన్సిబుదెక్ అని, చెక్ ఫిల్హార్మోనిక్‌లో ఓబో వాయించిన ఆయన, కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక దేశం దాటి ఆస్ట్రేలియా చేరాడు. ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం. ఆయన కోసమే స్వరకర్త మార్తినూ 1955లో ఒక కన్‌చెర్టో రాశాడు, అది మొదట వినిపించింది సిడ్నీలో, 1956లో. చార్లెస్ మకెరస్‌ది ఉల్టా దారి. సిడ్నీలో పెరిగిన ఆయన 1947లో ప్రాగ్ వెళ్ళి తాలిఖ్ దగ్గర నేర్చుకుని, చెక్ సంగీతానికి ప్రపంచంలోనే పెద్ద దిక్కయ్యాడు. 1973లో సిడ్నీ ఒపేరా హౌస్ తెరిచినప్పుడు తొలి కచేరీ నడిపింది ఆయనే.

సస్కిండ్ 1955 దాకా ఇక్కడున్నాడు. ఇదే నన్ను పట్టుకుంది. రెండు మూడేళ్ళలో ఒక మనిషి వల్ల ఏం మిగులుతుంది? ఊరెళ్తే మా మేనమామ అడుగుతాడు, "ఇన్నేళ్ళు బయట చేశావు, ఫలానాది నాది అని చూపించడానికి ఏముందిరా?" అని. గల్ఫ్‌లో రెండు టవర్లు, ఇక్కడ ఒక స్కూలు, ఒక ఆసుపత్రి. ఎక్కడా పేరుండదు, స్లాబ్ పడ్డాక తీసేసిన సెంట్రింగ్ కర్రల్లాగా.

సస్కిండ్ పని చూస్తే, ఎక్కడికి పోయినా చిన్నవాళ్ళని పట్టుకున్నాడు. 1956 నుంచి 1965 దాకా టొరాంటో. ఆ మధ్యలోనే 1960లో కెనడాకి దేశం మొత్తానికి ఒక యువ ఆర్కెస్ట్రా మొదలైతే దాని తొలి కండక్టర్ ఆయనే. అది ఇప్పటికీ నడుస్తోంది. 1968లో సెయింట్ లూయిస్ వెళ్ళాడు. అక్కడి హాలు అంతకుముందు సినిమా థియేటర్ అండి, దాన్ని మార్చి కచేరీ హాలు చేశారు. ఆ పని ఎట్లా చేశారో చూడాలని నాకు మహా ఆశ. అక్కడ ఇరవై నాలుగేళ్ళ లెనర్డ్ స్లాట్కిన్‌ని అసిస్టెంటుగా పెట్టుకున్నాడు. తర్వాత 1979లో ఆ ఆర్కెస్ట్రా స్లాట్కిన్ చేతికే వచ్చింది, పెద్ద పేరూ అప్పుడే వచ్చింది. సస్కిండ్ 1980లో పోయాడు. గొప్ప కండక్టర్ల జాబితాల్లో ఆయన కనబడడం తక్కువ. నాకైతే అది అన్యాయమే అనిపిస్తుంది. పెద్ద పేరున్న ఆర్కెస్ట్రా దొరికినవాడి పనీ, నిలబెట్టాల్సిన ఆర్కెస్ట్రా దొరికినవాడి పనీ ఒక్కటి కాదు.

వినాలనుకునేవాళ్ళకి ఒక్కటి చెప్తా. సెయింట్ లూయిస్ ఆర్కెస్ట్రాతో ఆయన స్మెతనా రాసిన "మా వ్లాస్త్" ఆరు భాగాలూ రికార్డు చేశాడు. ఆ చెక్ మాటకి "నా దేశం" అని అర్థం. రెండో భాగం వల్తవా, ప్రాగ్ మధ్యలోంచి పారే నది. మొదట్లో రెండు ఫ్లూట్లు సన్నగా వాగుల్లాగా మొదలవుతాయి, అవి కలిసి పెద్దవుతాయి. ప్రాగ్ వదిలిన మనిషి దాన్ని మిసిసిపీ ఒడ్డున ఉన్న ఊళ్ళో, అమెరికా వాళ్ళ చేత వాయించాడు. కార్లో కాదు, ఇంట్లో తలుపేసుకుని వినండి. మొదట్లో ఫ్లూట్లు చాలా నెమ్మదిగా ఉంటాయి, ట్రాఫిక్ చప్పుడులో వినబడవు.