ఇంగ్లీషులా వినిపించే స్పానిష్

స్పానిష్ మాటలు మన నోటికి తేలిగ్గానే వస్తాయి. కాసా అంటే హౌస్, ఆగ్వా అంటే వాటర్, లిబ్రో అంటే బుక్. మన తెలుగులాగే చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. అర్మారియో అంటే వార్డ్‌రోబ్. మన అలమారా దీని పోర్చుగీసు తోబుట్టువు నుంచే వచ్చింది!

అసలు చిక్కల్లా ఇంగ్లీషులా వినిపించే మాటలతోనే. ఎక్సితో అంటే ఎగ్జిట్ అనుకునేరు, దానర్థం సక్సెస్. బయటికి దారి సలీదా. లిబ్రెరియా లైబ్రరీ కాదు, పుస్తకాల దుకాణం. లైబ్రరీని బిబ్లియోతేకా అంటారు. ఇక ఎంబరసాదా! 'ఎంబరాస్‌డ్' అనుకుని ఈ మాట వాడిన అమ్మాయి, తాను గర్భవతినని చెప్పినట్టే.

ఇలాంటి మాటల్ని విడిగా బట్టీపట్టకండి. చిన్న వాక్యంలో పెట్టి, పైకి పలుకుతూ నేర్చుకోండి.