ప్లేట్లలో దాగిన తెలుగు గళాలు



జూజువాడి మూడు భాషల కూడలి. ఇంటిలో తెలుగు, కార్యాలయంలో తమిళం, అత్తిబెలె చేరగానే కన్నడం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఒకటవ తరగతి నుండి తమిళం దశలవారీగా తప్పనిసరి కావడంతో హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల పిల్లలకు తెలుగు చదువు కుంచించుకొనిపోయింది. చదువు తగ్గినచోట భాషను నిలిపేది వినికిడి. కనుకనే అటకలపై దుమ్ము పట్టిన గ్రామఫోను ప్లేట్ల ముచ్చట ఈ వేదికపై ప్రస్తావించదగినది.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని ముద్రించాడు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆనాటి లక్క ప్లేటులో ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాల గానమే పట్టేది. 1948లో కొలంబియా సంస్థ 33⅓ చుట్ల వినైల్ ఎల్.పి.ని వెలువరించిన పిదప వైపుకు ఇరవై నిమిషాలు దాటింది. కరుణశ్రీ పద్యాలకు ఘంటసాల గళమిచ్చిన ‘పుష్పవిలాపం’, 1974లో కన్నుమూసిన ఆ మహాగాయకుడు జీవిత చరమదశలో పాడిన భగవద్గీత ఎందరి ఇండ్లలోనో ప్లేట్లుగానే ప్రవేశించాయి. అయితే ముల్లు తాకిన ప్రతిసారీ గాడి కొంత అరుగుతుంది; లక్క ప్లేటు జారిపడితే పగులుతుంది.

వీటిని కంప్యూటరులో భద్రపరచడానికి ఓర్పు ముఖ్యం. వినైల్ ప్లేటును శుద్ధజలంతో, మెత్తని గుడ్డతో తుడవాలి. లక్క ప్లేటుకు స్పిరిట్ తగలరాదు. లక్క అందులో కరిగిపోతుంది. 78 ప్లేటు గాడి వెడల్పు గనుక దానికి వేరే ముల్లు అవసరం. పాత ఉక్కు ముల్లు వాడరాదు. ఎల్.పి. చెక్కునపుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను హెచ్చిస్తారు. ఫోనో ప్రీయాంప్లిఫయరు వాటిని తిరిగి సమం చేస్తుంది. పిమ్మట ఆ ధ్వనిని అంకెలుగా మార్చే పరికరం పనిచేస్తుంది. సెకనుకు 96,000 నమూనాలు, నమూనాకు 24 బిట్లు ధ్వనిభాండాగారాలు మెచ్చిన ప్రమాణం. ఆ లెక్కన ఇరవై నిమిషాల స్టీరియో గానానికి దాదాపు 700 మెగాబైట్లు కావాలి. ‘ఫ్లాక్’ రూపంలో దాచితే పరిమాణం తగ్గుతుంది. ఒక్క బిట్టూ పోదు. ‘ఎంపీ3’ మాత్రం చెవికి అంతగా అందవనుకొన్న వివరాలను శాశ్వతంగా వదిలివేస్తుంది.

చిటపటలను తొలగించే పని నకలుపైననే జరగాలి. తొలి ప్రతి చెక్కుచెదరరాదు. లేబులు ఛాయాచిత్రం, గాయకుని పేరు, ప్లేటు సంఖ్య జతపరచాలి. మూడు ప్రతులు ఉంచి, ఒకదానిని వేరే ఊరిలో దాచడం వివేకం. అటుపిమ్మట ఇంటిలోని హార్డ్‌డిస్కు నుండి స్పీకర్ల ద్వారా ఏ గదిలోనైనా ఆ పద్యాన్ని వినవచ్చు. ప్లేటు అరిగిపోతుందన్న భయం ఉండదు.

చట్టాన్నీ మరువరాదు. సొంత వినియోగానికి నకలు తీసుకొనుటకు భారత కాపీరైటు చట్టం అవకాశమిస్తున్నది. వ్యాపారదృష్టి లేని ప్రజా గ్రంథాలయం తన వద్దనున్న ప్రతిని ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచుకొనడానికి 2012 సవరణ అనుమతించింది. ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణ అనంతరం 60 ఏండ్లు నిలుస్తుంది. సాహిత్యంపై హక్కు వేరు. విక్రయించడం, అందరికీ పంచడం వేరే సంగతులు.

పుస్తకంలోని అక్షరం పద్యాన్ని చూపుతుంది. దాని నడకను, విరుపును, ఊపిరిని గళమే నేర్పుతుంది. తెలుగు తరగతి గంటలు తగ్గిన ఈ సరిహద్దు సీమలో పాత ప్లేటు ఒక ఉపాధ్యాయుడు. అటకపైనున్న ఆ ఉపాధ్యాయుని దించి, దుమ్ము దులిపి, పిల్లల ముందు మాట్లాడనివ్వడం పూర్వ విద్యార్థులు పాఠశాలకు తీర్చగల ఋణం. స్వస్తి.