ఇంటిమీద అప్పు - పునాది పరీక్ష



ఇల్లు తనఖా పెట్టి అప్పు తీసికొనుట నేడు మన గ్రామములందు సామాన్యమైపోయినది. కుమార్తె వివాహమునకో, కుమారుని చదువునకో, మేడ వేయుటకో గృహస్థుడు అప్పునకు పోవును. అప్పుడు పత్రములు చూతురు, గదులు కొలుతురు, గోడల రంగు చూతురు. నేలలో దాగియున్న పునాదిని చూచువారు అరుదు. ఐనను అప్పు నిలుచుట ఆ పునాదిమీదనే.

నేను వికారాబాదునందును తాండూరునందును ఉపాధ్యాయుడనుగా పనిచేసితిని. తాండూరునందున్న దినములలో ఒక రైతు తన యింటిమీద అప్పు తీసికొన దలచి, ధర నిర్ణయించుటకు నన్ను మధ్యవర్తిగా పిలిచెను. అది మాఘమాసము. గోడలకు క్రొత్తగా సున్నము వేసిరి. నాపరాతి అరుగులు నున్నగా నుండెను. ధర సరియే యని నేను సాక్షి సంతకము చేసితిని. మూడవ వర్షాకాలమునకు గడప పైకి లేచెను, తలుపు పడకుండెను, గోడ మూలనుండి చీలెను. అమ్మజూపగా సగము ధరయైన పలుకలేదు. ఇల్లు పోయినది, బాకీ మిగిలినది. సున్నము క్రింద పాత బీటలున్నవేమో యని పొరుగువారి నొక్కమాట యడుగనైతిని. ఆ తప్పు నాదే.

చట్టమును తెలిసికొనుడు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ననుసరించి, సాధారణ తనఖాలో ఋణస్థుడు బాకీ తీర్చుటకు స్వయముగా కట్టుబడును. ఇల్లు చాలకున్న శేషము వాని మెడమీదనే యుండును. 30 లక్షల రూపాయల లోపు గృహఋణములకు ఇంటి విలువలో నూటికి 90 వంతుల వరకు ఈయవచ్చునని రిజర్వు బ్యాంకు 2015లో అనుమతించెను. అనగా విలువకును అప్పునకును నడుమ మిగులునది పదియవ వంతే. ఆ వంతును మ్రింగుటకు ఒక్క బీట చాలును.

ఇక నేల సంగతి. వికారాబాదు అనంతగిరి ప్రాంతమున ఎఱ్ఱమట్టియు మొరమును విస్తారముగా గలవు. గట్టి మొరముమీద నిలిచిన పునాది సామాన్యముగా కదలదు. తాండూరు వైపు నల్లరేగడి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండునది ఆ సీమలోనే. కందికి మేలైన యా నేల ఇంటికి కష్టమైనది. దానిలోని సన్నని బంకమట్టి పొరల నడుమ నీరు చేరగా ఉబ్బును, ఎండగా ముడుచుకొని బీటలిచ్చును. ఇంటిమూలలు ఎండలో కుంగి వానలో లేచును. రేగడి క్రింద నాపరాయి తగిలినచోట, పునాది అంతయు రాతిమీద నిలిచెనా మంచిదే. సగము రాతిమీద, సగము మట్టిమీద నున్నచో గోడ చీలుట తప్పదు. పూడ్చిన గోతిమీది యిల్లు అంతకంటెను అపాయకరము.

వరాహమిహిరుడు బృహత్సంహితలో మూరెడు గోయి త్రవ్వి, ఆ మట్టినే మరల నింపి చూడుమనెను. మిగిలిన ఉత్తమము, సరిపోయిన మధ్యమము, తక్కువైన అధమము. నేను ఈ విషయమును ఎందరికో బోధించితిని. కాని ఆ పరీక్ష నేల బిగువును తెలుపునే గాని, రేగడి యుబ్బును తెలుపదు. శాస్త్రమును గౌరవించుచునే దాని పరిమితి నెరుగవలెను.

కావున సంతకమునకు ముందు ఈ పనులు చేయుడు. తలుపు, కిటికీ మూలలనుండి ఏటవాలుగా పోవు బీటలను వెదకుడు. అవి వేసవిలో వెడల్పై వానకాలమున సన్నబడునా యని యింటివారిని, పొరుగువారిని అడుగుడు. అనుమానమున్న బీటకు అడ్డముగా గాజుపలుకను సిమెంటుతో అతికించి తేదీ వ్రాయుడు. అది పగిలినచో గోడ ఇంకను కదలుచున్నదని యర్థము. దారమునకు గుండు కట్టి గోడ నిలువును చూడుడు. పొడికాలమున మేస్త్రీచేత బయటి మూలవద్ద చిన్న గోయి త్రవ్వించి, పునాది యెంతలోతు పోయెనో, దేనిమీద నిలిచెనో చూచి, వెంటనే పూడ్పించుడు. గోడ మొదట స్నానపు నీరు నిలుచుచున్నదా, పెద్దచెట్టు గలదా గమనింపుడు.

లోపమున్న యిల్లు పనికిరాదని నేననను. నీటిని దూరముగా పంపుట, గోడచుట్టు వాలుగా గచ్చు చేయించుట మేలుచేయును. క్రొత్తగా కట్టువారు అడుగున ఉబ్బెత్తుగా వెడల్పైన స్తంభపు పునాదులను ఇంజనీరును సంప్రదించి వేయింపవచ్చును. ఇవి సుమారు మూడున్నర మీటర్ల లోతునకు దిగి, ఉబ్బు పొరను దాటి నిలుచును. లోపము తెలిసిన ధర తగ్గును. ధర తగ్గిన అప్పు తగ్గును. అప్పు తగ్గిన కుటుంబము బ్రదుకును.

పెద్దలారా! మీ సంతకమును నమ్మి ఒకడు అప్పిచ్చును, ఒకడు అప్పు తెచ్చుకొనును. గోడను చూచి సంతకము చేయకుడు. ముందు నేలను అడుగుడు.

సెలవు.