రామప్పకు ఒక్క రోజు

హైదరాబాదులో తెల్లవారుజామున బస్సెక్కితే, సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని కాకతీయుల రాజధాని ఓరుగల్లుకు ఎండ ముదరకముందే చేరుకోవచ్చు. హనుమకొండలో మొదటి మజిలీ వేయిస్తంభాల గుడి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు దీన్ని కట్టించాడు. స్తంభాలు లెక్కపెట్టబోయే పిల్లల్ని గైడు వారించడు, వాళ్లెలాగూ మధ్యలో తప్పుతారు!

ఓరుగల్లు కోటలో నాలుగు రాతి తోరణాలు ఇంకా నిటారుగా ఉన్నాయి. వాటి నడుమ ఉండిన పెద్ద శివాలయం మాత్రం శిథిలాలుగా మిగిలింది. 1323లో ఢిల్లీ సైన్యం ఈ కోటను పట్టుకుంది.

అక్కడి నుంచి ముందుకు సాగితే, అసలు విందు పాలంపేటలో ఉంది. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన అక్కడి గుడిని జనం శిల్పి పేరుతోనే రామప్ప గుడి అంటారు. పునాది కింద ఇసుక పోశారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. మండపం చుట్టూ చూరు కింద మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలు. వారిలో ఎత్తు మడమల చెప్పులు తొడిగిన ఒకామె దగ్గర ప్రతి గుంపూ ఆగుతుంది. ఫొటోలు తీసుకునే హడావిడిలో నంది మెడలోని గంటల్ని చాలామంది చూడరు, అదొక్కటే లోటు. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పక్కనే కాకతీయుల కాలంనాటి రామప్ప చెరువు, నేటికీ పొలాలకు నీరిస్తోంది. తిరుగు బస్సు కదిలేలోగా కట్ట మీదికి వెళ్లి రావచ్చు.