చెరువు మీద ఎవరి పేరు?



పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరెట్లా వచ్చింది? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు అది. 1890లో పెట్టారు.

1908లో మూసీ పొంగింది. హైదరాబాదులో వేలమంది చనిపోయారు. 1911లో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె ఎక్కాడు. మళ్లీ వరద రాకుండా మూసీకి అడ్డంగా కట్ట కట్టించాడు. అది ఉస్మాన్ సాగర్. పెద్ద దవాఖాన కట్టించాడు. అది ఉస్మానియా. ఇంకో చెరువు కట్టించి కొడుకు పేరు పెట్టాడు. అది హిమాయత్ సాగర్.

ఇవి మంచి పనులే. కాదనటం ఎందుకు? ఆ దవాఖానలో ఎందరో బీదోళ్ల ప్రాణం నిలిచింది. మారాజు చల్లగుండాలని దండం పెట్టినోళ్లూ ఉన్నారు.

మరి పైసలెక్కడివి? రైతులు కట్టిన శిస్తు ఖజానాకు పోయింది. ఆ ఖజానా నుంచే దవాఖాన లేచింది. జనం సొమ్ము, రాజు పేరు! ఆ రాజేమో లోకంలోకెల్లా ధనవంతుడని 1937లో ఒక అమెరికా పత్రిక రాసింది.

అదే కాలంలో పల్లెల్లో వెట్టి. చంటిబిడ్డ తల్లి అయినా సరే, దొర గడికి పోయి వడ్లు దంచాలె. కూలి లేదు. వెట్టి వద్దని సభ పెడదామంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అడ్డం. సర్కారు ఒప్పుకుంటేనే సభ. రాజును మార్చే ఓటు ఎవరికీ లేదు. పెట్టింది తిను, అడగకు. ఇదీ పద్ధతి.

ఇది ఇక్కడి సంగతే కాదు. జర్మనీ దేశంలో బిస్మార్క్ అని ఒక పెద్ద మంత్రి ఉండేవాడు. 1878లో కూలీల పక్షాన ఉన్న పార్టీ సభలను, పత్రికలను బంద్ చేయించాడు. 1883లో కూలీలకు జబ్బు చేస్తే డబ్బు, వైద్యం ఇచ్చే చట్టం తెచ్చాడు. ఒక చెయ్యి నోరు మూస్తది, ఇంకో చెయ్యి మందు పోస్తది. మూసిన నోట్లోకి మందెట్లా పోతదో!

మన దగ్గర నోళ్లు మూతపడలేదు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. అక్కడే ఆడవాళ్లు తమ సభ వేరే పెట్టుకున్నారు. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఆ రోజుల్లో ఆడది సభలో నిలబడి మాట్లాడటం చిన్న సంగతా?

1948లో నిజాం పాలన పోయింది. 1952లో ఓట్లు వచ్చాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ఆడామగా అందరికీ ఓటు. షాద్‌నగర్‌లో గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు.

దవాఖాన అదే, పేరు కూడా అదే. కానీ మందు లేదంటే ఎందుకు లేదని అడగటానికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు.