పాలపళ్ళు పోయేవే గదా అనవద్దు

ఈ పూట పంట సంగతి కాక, ఇంటి సంగతి ఒకటి చెప్పుకుందాం. మూడేళ్ళ పిల్లవాడి దవడపన్ను పుచ్చిందనుకోండి. "పాలపన్నే గదా, ఎటూ వూడిపోయేదే" అని పెద్దవాళ్ళు వూరుకుంటారు. అలా వూరుకోవటం మంచిది కాదు. ఎందుకో వినండి.

బిడ్డకు సుమారు ఆరో నెలలో మొదటి పన్ను మొలుస్తుంది. మూడేళ్ళు నిండేసరికి 20 పాలపళ్ళూ వచ్చేస్తాయి. ముందుపళ్ళు ఆరేడేళ్ళకు వూడుతాయి, నిజమే. కాని దవడపళ్ళు 10, 12 ఏళ్ళ దాకా వుండవలసినవి. అంటే ఆ పుచ్చిన పన్నుతోనే బిడ్డ ఇంకా ఏడెనిమిదేళ్ళు నమలాలన్నమాట. నొప్పితో తిండి సయించదు, నిద్ర పట్టదు. చీము పడితే లోపల తయారవుతున్న అసలు పన్నుకు కూడా చెరుపు జరగవచ్చు. పాలపన్ను వేళ కాకముందే పోతే, పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. సరిహద్దు రాయి పీకేస్తే పక్క చేను జరిగివచ్చినట్లే. తర్వాత వచ్చే పన్నుకు చోటు చాలక వంకరగా వస్తుంది.

పన్నులో పురుగు పడిందంటారు. పొగ పట్టి పురుగులు రాల్చి చూపేవాళ్ళ మాట నమ్మకండి. పన్నులో అటువంటి పురుగు వుండదు. కంటికి కనపడని సూక్ష్మజీవులు పళ్ళమీద పాచిగా పేరుకుంటాయి. మనం తిన్న తీపే వాటికి మేత. ఆ తీపిని అవి ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పన్ను పైపొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. నోట్లో వూరే లాలాజలం ఆ నష్టాన్ని పూడుస్తుంది గాని, దానికి వ్యవధి కావాలి. మాటిమాటికీ నోట్లో తీపి పడుతుంటే పూడ్చే తీరిక ఎక్కడిది? కాబట్టి ఎంత తీపి తిన్నాడనే కాదు, ఎన్నిసార్లు తిన్నాడన్నది కూడా చూడాలి. భోజనంతోపాటు తిన్న బెల్లం ముక్కకంటే, గంటసేపు చప్పరించిన చాక్లెట్టు ఎక్కువ చెరుపు. పళ్ళకు అతుక్కునే బిస్కెట్టూ అంతే. బెల్లమైనా, తేనె అయినా, పంచదార అయినా సూక్ష్మజీవులకు ఒకటే.

నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది. అందుకే పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చటం, అందులోనూ పంచదార కలిపిన పాలు పెట్టటం, పళ్ళకు పెద్ద శత్రువు. తల్లిపాలు మాన్పించవలసిన పని లేదు. పళ్ళు శుభ్రం చేస్తూ వుంటే చాలు.

మరి ఏం చేయాలి? మొదటి పన్ను కనపడిన రోజునుంచే మెత్తని చిన్న బ్రష్షుతో ఉదయం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తోమాలి. ఫ్లోరైడు పేస్టు మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆ తర్వాత బఠాణీగింజంత చాలు. మింగకుండా వుమ్మి వేయటం నేర్పాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళే దగ్గరుండి తోమాలి. బొగ్గు, ఇటుకపొడి, ఇసుక పన్నును అరగదీస్తాయి. వేపపుల్ల పెద్దవాళ్ళకు సరే గాని, పసిబిడ్డ చిగుళ్ళకు గుచ్చుకుంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో కొన్ని వూళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడు మితిమీరి వుంటుంది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గురించి 1937లోనే డాక్టర్లు రాశారు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీరు చిన్నతనంలో ఏళ్ళ తరబడి తాగితే, తర్వాత వచ్చే పళ్ళు గారపట్టి గోధుమరంగు చారలతో మొలుస్తాయి. ఈ గార తోమితే పోదు. నీళ్ళు మరగబెట్టినా ఫ్లోరైడు పోదు. తాగటానికీ వంటకూ శుద్ధిచేసిన నీరే వాడాలి. అటువంటి వూళ్ళలో పిల్లలకు ఏ పేస్టు వాడాలో దంతవైద్యుని అడగండి.

వరి ఆకుమీద తొలిమచ్చ కనపడగానే మనం మేలుకుంటాం గదా! పన్నుకూ తొలిమచ్చ వుంది. బిడ్డ పైపెదవి ఎత్తి చూడండి. చిగురు వెంబడి సున్నం పూసినట్లు తెల్లని మచ్చ వుంటే అది పుచ్చుకు ఆరంభం కావచ్చు. తీపి తగ్గించి, రెండుపూటలా తోమి, డాక్టరుకు చూపిస్తే ఇంకా నిలపవచ్చు. గుంట పడ్డదంటే మాత్రం డాక్టరు పూడ్చవలసిందే. అందులో పొగాకు కుక్కవద్దు. చెంప వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇంకొక్క మాట. ఆరో ఏట పాలపళ్ళన్నిటి వెనుక, ఏ పన్నూ వూడకుండానే, పైన రెండు, కింద రెండు పెద్ద దవడపళ్ళు వస్తాయి. చాలామంది వాటినీ పాలపళ్ళే అనుకుంటారు. కావు. అవి జీవితాంతం వుండవలసినవి. పోతే మళ్ళీ రావు. వాటి గాళ్ళలో పుచ్చు తొందరగా పడుతుంది. పుచ్చకముందే డాక్టరు ఆ గాళ్ళు పూడేటట్లు పూత వేయగలరు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకూ, ప్రభుత్వ బడులకూ వచ్చి పిల్లలను పరీక్ష చేస్తాయి. పళ్ళు కూడా చూస్తారు. ఖర్చు లేదు. బృందం వచ్చే తేదీని అంగన్‌వాడీ కార్యకర్తలు ముందుగా తల్లులకు చెప్పాలి. ఆ రోజున బిడ్డను పొలానికి వెంటబెట్టుకుపోకండి.

రేపటిదాకా ఎందుకు, ఈ రాత్రే బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకొని నోరు తెరిచి చూడండి.