నీకొదేము అడిగిన డౌటు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, ప్రాజెక్టుల గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నేను స్క్రిప్చర్ పీరియడ్ గురించి మాట్లాడతానన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, సభలో అన్ని మతాల వాళ్లూ ఉంటారు, గుర్తుపెట్టుకోమన్నారు. గుర్తుంది. ఎవరినీ ఎటూ మార్చడానికి నేను రాలేదు. కానీ హిందువులం, ముస్లింలం, క్రైస్తవులం అనకుండా మనమందరం ఈ బడిలో విన్న మాట ఒకటుంది: రక్షణ. దాని పక్కనే ఇంకో మాట: తిరిగి జన్మించడం. అర్థం తెలియకపోయినా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. నాకు ఆ మాటలు కాస్త అర్థం కావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఆ సంగతే చెబుతాను.

మాది 1984 పదో తరగతి బ్యాచ్. మాకు స్క్రిప్చర్ చెప్పిన మాస్టారే లెక్కలు కూడా చెప్పేవారు. ఒకరోజు యోహాను సువార్త మూడో అధ్యాయం నడుస్తోంది. నీకొదేము పరిసయ్యుడు, యూదుల్లో పెద్ద, బాగా చదువుకున్నవాడు. రాత్రివేళ యేసు దగ్గరకు వచ్చాడు. తిరిగి పుట్టనివాడు దేవుని రాజ్యాన్ని చూడలేడని యేసు అంటే, ముసలివాడు మళ్లీ తల్లి కడుపులోకి ఎట్లా పోతాడని అడిగాడు. క్లాసంతా ఒకటే నవ్వు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "ఎందుకురా నవ్వుతారు? అర్థం కానప్పుడు డౌటు అడిగాడు. మీలో ఎవడన్నా అడుగుతాడా?" అన్నారు.

ఆ డౌటు ఎక్కడినుంచి వచ్చిందో చాలాకాలం తర్వాత పుస్తకాలు చదివితే తెలిసింది. సువార్త గ్రీకులో రాశారు. అక్కడ వాడిన మాట 'అనోథెన్'. దానికి 'మళ్లీ' అనే అర్థమూ ఉంది, 'పైనుంచి' అనే అర్థమూ ఉంది. నీకొదేము మొదటి అర్థం పట్టుకుని తల్లి కడుపు దగ్గర ఆగిపోయాడు. యేసు రెండోదాని వైపు లాగుతున్నాడు. ఆ వెంటనే గాలి ప్రస్తావన వస్తుంది. గాలి తన ఇష్టమొచ్చిన వైపు వీస్తుంది, చప్పుడు వినబడుతుంది గాని రాకపోకలు మనకు తెలియవు, ఆత్మవల్ల పుట్టినవాడూ అంతే అని. గ్రీకులో గాలికీ, ఆత్మకూ ఒకటే మాట, 'న్యూమా'. తెలుగులో రెండు వేర్వేరు మాటలు కావడంతో, ఆత్మ గురించి చెబుతూ మధ్యలో గాలి ఎందుకొచ్చిందా అనిపిస్తుంది. మా హాస్టలు వరండాలో మే నెల సాయంత్రం పైరగాలి కోసం ఎదురుచూసినవాళ్లకు ఆ పోలిక చెప్పక్కర్లేదు. గాలిని పిలిస్తే రాదు. వచ్చినప్పుడు తలుపు తీసి ఉంచుకోవడమే మన పని.

క్రైస్తవ బోధలో రక్షణకు ఇదే ఆయువుపట్టు అని నాకు అనిపిస్తుంది. ఎవడూ తనంతట తాను పుట్టలేదు, ఇంకొకరు కన్నారు. తిరిగి పుట్టడమూ అంతే, మనం కష్టపడి సంపాదించుకునేది కాదు, ఉచితంగా దొరికేది. పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఆ మాటే అంటాడు: కృపవల్ల, విశ్వాసం ద్వారా, క్రియల వల్ల కాదు, కాబట్టి ఎవరూ గొప్పలు చెప్పుకోవడానికి లేదు. ఎనిమిది, తొమ్మిది వచనాలు మాకు కంఠతా వచ్చు. పదో వచనం దగ్గరకు రాకముందే గంట కొట్టేసేవాళ్లు. మనల్ని మంచి పనులు చేయడానికే కొత్తగా సృష్టించాడని అందులో ఉంది. ఆ పదో వచనం చదవని లోటు నా జీవితంలో బాగా కనబడింది.

1983 డిసెంబరులో హాస్టలు వెనక గ్రౌండులో ఉజ్జీవ కూడికలు జరిగాయి. మూడోరోజు రాత్రి నేను చెయ్యెత్తాను. ఏడ్చాను కూడా. అది నటన కాదు, ఇప్పటికీ కాదనే అంటాను. తర్వాత బాప్తిస్మం తీసుకుని, బైబిలు మొదటి పేజీలో తేదీ రాసుకున్నాను. ఎవరైనా "రక్షింపబడ్డారా బ్రదర్?" అంటే తేదీతో సహా చెప్పేవాణ్ణి. మా ఆవిడది లూథరన్ కుటుంబం. మూడో నెలలో బాప్తిస్మం ఇప్పించారు, ఆమెకు గుర్తుండే తేదీ ఏదీ లేదు. పెళ్లయిన కొత్తలో దాని గురించి ఆమెతో వాదించాను. పసిపిల్లకు ఏం తెలుస్తుందని నేను, పసిపిల్లకు తెలియకుండానే తల్లి పాలివ్వదా అని ఆమె. ఈ వాదన సంఘాల మధ్య వందల ఏళ్లుగా నడుస్తోంది, మా వంటింట్లో తేలుతుందా?

1998లో నేను డిప్యూటీ ఇంజనీరుగా ఉన్నాను. ఒక కాలువకు కాంక్రీటు లైనింగు వేశారు. ఎంబుక్‌లో మందం నాలుగు అంగుళాలని రాసి ఉంది. చెక్ మెజర్‌మెంట్‌కు వెళ్లి రెండుచోట్ల పగలగొట్టించి చూశాను. మూడు కూడా లేదు. మార్చి నెలాఖరు, నిధులు మురిగిపోతాయి, పైనుంచి ఫోను మీద ఫోను. సంతకం పెట్టాను. డబ్బు ముట్టలేదు, ఆ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. మరుసటేడు నీళ్లు వదలగానే లైనింగు జారి, గట్టు కోసుకుపోయి, దిగువన పైర్లు మునిగాయి. విచారణలో, "నా కింది ఏఈ రాసిన కొలతలను నమ్మాను" అని చెప్పాను. నిజానికి ఆ ఏఈ, బిల్లు ఆపుదాం సార్ అని నాతో అన్నవాడు. ఆయనకు ఇంక్రిమెంట్లు కోశారు, ప్రమోషను ఏళ్లతరబడి ఆగిపోయింది. నేను ఆ ఆదివారం కూడా చర్చిలో సాక్ష్యం చెప్పాను.

ఈ సంగతి ఈ సభలో చాలామందికి ఇప్పుడే తెలుస్తోంది.

నన్ను కదిలించింది ప్రసంగం కాదు, మన జిల్లా చరిత్ర. ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారి గురించి మీకు తెలుసు. ఆయన అమెరికాలో యువకుడిగా ఉన్నప్పుడు భూముల సర్వే పని చేశారని మాత్రం నాకు ఆలస్యంగా తెలిసింది. మనవాడే అనిపించింది. 1876–78 కరువులో జనం రాలిపోతుంటే, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని ఆయన కాంట్రాక్టుగా తీసుకుని వాళ్లకు కూలి ఇచ్చారు. వేలమంది వచ్చారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లకు మాత్రం ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూటి కోసం అడుగుతున్నారో, నమ్మి అడుగుతున్నారో ఎవరు చెప్పగలరు? సాయం పంచడం ఆగిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు ప్రసంగీకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున నీళ్లలో దిగారు.

అందరూ ఆ అంకె దగ్గర ఆగుతారు. నేను ఆ ఏడాది పైచిలుకు ఆలస్యం దగ్గర ఆగాను. మనిషి లోపల జరిగినదానికి చెక్ మెజర్‌మెంట్ లేదు. క్లౌ గారికీ లేదు. కాలం గడవనిచ్చారు, అంతే. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, ఆదివారం పనికి రామన్నారు, జాతర్లలో డప్పు కొట్టమన్నారు. దానికి ఊళ్లలో పడాల్సిన బాధలు పడ్డారు. వాళ్ల కొత్త పుట్టుక ఊరికంతటికీ కనబడింది. నాది బైబిలు మొదటి పేజీ దాటి రాలేదు.

మా ఆవిడకు లైనింగు సంగతి అప్పుడే చెప్పాను, ఇరవై నాలుగేళ్ల తర్వాత. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆయన ఎక్కడుంటున్నాడో కనుక్కోండి" అంది.

ఆయన అప్పుడే రిటైరై కనిగిరి దగ్గర సొంతూళ్లో ఉంటున్నారు. కోసిన ఇంక్రిమెంట్లు, ఆగిన ప్రమోషను, తగ్గిన పింఛను, అన్నీ లెక్కగట్టి, వడ్డీ కలిపి చెక్కు రాసుకున్నాను. తప్పు నాదేనని శాఖకు రాసిన ఉత్తరం నకలు కూడా పట్టుకెళ్లాను. ఆయన క్రైస్తవుడు కాదు. టీ ఇప్పించి, నేను చెప్పిందంతా విని, "మీరు చర్చిలో బాగా మాట్లాడతారంట గదా సార్" అన్నారు. ఎగతాళిగా కూడా కాదు, మామూలుగానే. దానికి నా దగ్గర జవాబు లేదు. చెక్కు ముట్టుకోలేదు. ఉత్తరం మాత్రం రెండుసార్లు చదివి, "ఇది నా దగ్గర ఉంచండి. మా అబ్బాయికి చూపించాలి. వాళ్ల నాన్న దొంగలెక్కలు రాశాడని వాడి పెళ్లిలో కూడా అన్నారు" అన్నారు.

ఆ ఉత్తరం మీద నాకు ఛార్జి మెమో వచ్చింది. విచారణ నడుస్తోంది. రిటైరయ్యేలోగా తేలుతుందో లేదో చూడాలి.

నేను రక్షింపబడింది 1983లోనా, ఆ టీ తాగిన రోజునా అని నన్ను అడగకండి. నీకొదేము యోహాను సువార్తలో మూడుసార్లు కనబడతాడు. మొదట రాత్రి డౌటుతో వచ్చాడు. తర్వాత పెద్దల సభలో, మనిషి మాట వినకుండానే తీర్పు తీరుస్తారా అని అడిగి తిట్లు తిన్నాడు. చివరికి, శిష్యులు చెదిరిపోయాక, యేసు శరీరానికి పూయడానికి ముప్పై కిలోలకు పైగా బోళం, అగరు మోయించుకొచ్చాడు. ఆయన ఎప్పుడు తిరిగి పుట్టాడో యోహాను రాయలేదు.

మాస్టారు ఇక్కడే మొదటి వరుసలో ఉన్నారు. నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఈ సభలో చెప్పనా అని అనుమతి కూడా అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "జక్కయ్య పాఠం గుర్తుందా?" అన్నారు. గుర్తుందన్నాను. సుంకం వసూళ్లలో అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్న మనిషి. "ఇచ్చాడని యేసు వాడింటికి పోలేదు. యేసు వచ్చి కూర్చున్నాడు కాబట్టి వాడి చెయ్యి సంచిలోకి పోయింది. వరస మారిస్తే లెక్క తప్పుతుందని చెప్పాను గదరా" అన్నారు. అవునండీ అన్నాను.

"నువ్వు ఎంత వేశావు? అసలూ వడ్డీనా, నాలుగింతలా?"

అసలూ వడ్డీయేనండీ అన్నాను.

"మళ్లీ చెయ్యి" అన్నారు.

చేస్తున్నాను.